చేతికి ఎముక లేదంటాం

కర్నూలు

అమ్మాయీ,

ఎముకల అధ్యాయమని అనంతపురం నుంచి నువ్వు రాసి పంపిన ఇరవై రెండు పేజీలూ మొన్న అందాయి. రెండుసార్లు చదివాను. తలలో ఎముకలు 22, రెండు చెవుల్లో కలిపి 6, గొంతులో 1, వెన్నులో 26, ఛాతీలో 25, చేతులూ భుజాలూ కలిపి 64, కాళ్ళూ కటీ కలిపి 62. కూడి చూశాను, 206 సరిగ్గా వచ్చింది. ఎక్కడా తప్పు లేదు. అయినా చదువుతున్నంతసేపూ ఒక్కసారి కూడా నా చెయ్యి నా ఒంటి మీదికి పోలేదు. ఎముకల గురించి చదివే మనిషి ఎక్కడో ఒకచోట ఆగి తన మోకాలి చిప్పనో పక్కటెముకనో తడుముకోవాలి. ఆ లోటు గురించే ఈ ఉత్తరం.

నువ్వు ఎముకను చచ్చినదానిలా రాశావు. ఇంటికి దూలాలూ స్తంభాలూ ఎట్లాగో ఒంటికి ఎముకలు అట్లాగ అన్నావు. ఎందుకు అట్లా రాశావో నాకు తెలుసు. మనం ఎముకను చూసేది ప్రాణం పోయాకే.

మా నాయన పోయినప్పుడు సంచయనం రోజు తుంగభద్ర ఒడ్డుకు పోయాం. పాలు చల్లి, బూడిదలో నుంచి ఎముకలు ఏరి కుండలో వేస్తున్నాం. నా చేతికి వేలంత ముక్క ఒకటి వచ్చింది. తెల్లగా ఉంది, సుద్దముక్కకన్నా తేలిక. కాస్త నొక్కేసరికి వేళ్ళ మధ్యే పొడైపోయింది. శనక్కాయల మూటను ఒంటి భుజాన ఎత్తి బండిలో వేసిన మనిషి ఎముక అది. ఆ పొడి చాలా రోజులు నన్ను వదల్లేదు. అంత బరువు మోసింది ఇదేనా అని వెతుక్కుంటే తెలిసింది. ఎముకలో రెండు పదార్థాలుంటాయి. ఒకటి గట్టిదనాన్నిచ్చే కాల్షియం ఫాస్ఫేటు లవణం, రెండోది సాగుడునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. చితిలో పోగులు కాలిపోతాయి, లవణం మిగులుతుంది. నా వేళ్ళలో నలిగింది సగం ఎముకే.

రెండో సగం చూడాలంటే ఈ ఆదివారం కూరలోని కోడికాలి ఎముకను శుభ్రంగా కడిగి వెనిగర్‌లో వెయ్యి. రెండు మూడు రోజులకోసారి వెనిగర్ మార్చు. లవణమంతా కరిగిపోయాక ఆ ఎముక రబ్బరులా వంగుతుంది. ఆ వంగడం నీ వేళ్ళకు తెలిశాక మొదటి పేజీ మళ్ళీ రాయి, అంతకుముందు వద్దు.

మీ వంటింటి గట్టు కడప బండే అయ్యుంటుంది. అది సున్నపురాయి, అందులోనూ కాల్షియమే. కానీ బీటిచ్చిన బండ ఎన్నేళ్ళయినా బీటిచ్చినట్టే ఉంటుంది. ఎముక అట్లా కాదు. విరిగినచోట ముందు రక్తం గడ్డకడుతుంది, కొన్నాళ్ళకు మెత్తని అతుకు పడుతుంది, వారాల్లో అది గట్టి ముద్దవుతుంది, ఆపైన నెలల తరబడి ఆ ముద్దను చెక్కి చెక్కి పాత రూపానికి తెస్తాయి కణాలు. ఒక రకం కణాలు పాత ఎముకను తినేస్తుంటే ఇంకో రకం కొత్తది కడుతుంటాయి. విరగని ఎముకలోనూ ఈ పని ఆగదు, ఏటా సుమారు పదోవంతు మారిపోతుంది. పుత్తూరు కట్టు కట్టించుకొచ్చినా, ఆసుపత్రిలో పిండికట్టు వేయించుకున్నా, కట్టు చేసేది ఎముకను కదలనీయకుండా పట్టుకోవడమే. అతుక్కునేది ఎముకే. నీ పేజీల్లో ఈ సంగతికి రెండు వాక్యాలిచ్చి, పుర్రె అతుకుల పేర్లకు ఒక పేజీ ఇచ్చావు. తిరగెయ్యి.

చాలా ఏళ్ళ కిందట ఒక డాక్టరు మిత్రుడు నా చేతిలో తొడ ఎముక పెట్టాడు. వెనకవైపు గరుకైన గట్టు, తొడ కండరాలు పట్టుకున్న చోటు. ఆ గట్టు దగ్గరే పెన్సిలు మొన పట్టేంత రంధ్రం. లోపలికి రక్తనాళం పోయిన దారి అన్నాడు. ఆ చిన్న రంధ్రం చూసేదాకా ఎముకకూ రక్తం కావాలని నాకు నిజంగా తెలియలేదనే చెప్పాలి. (ఎముక ఎన్నాళ్ళయినా ఆనవాళ్ళు దాస్తుంది. మన బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించిన ఎముకల్లో ఖడ్గమృగానివీ ఉన్నాయి. ఆ జంతువుకు శాస్త్రంలో కర్నూలు పేరే పెట్టారు. ఎప్పుడైనా వెళ్ళి చూడు.)

మా అమ్మ తడి గచ్చు మీద జారినప్పుడు "తుంటి విరిగింది" అన్నారు. విరిగింది తుంటి కాదు, తొడ ఎముక మెడ, అంటే పైకొసన గుండ్రటి తల కింద ఉండే సన్నని భాగం. తల భాగానికి రక్తం చాలామటుకు ఆ మెడ మీదుగానే పోతుంది. మెడ విరిగితే తల ఎండిపోయే ప్రమాదం ఉంది. అందుకే పెద్దవాళ్ళకు చాలాసార్లు ఆ తలను తీసి కొత్తది పెడతారు. నీ పాఠకుల ఇళ్ళలో ఒక అవ్వో తాతో ఇట్లా పడే ఉంటారు. వాళ్ళకు ఈ కారణం చెప్పు. "ఊర్వస్థి అత్యంత పొడవైన ఎముక" అని రాసి ముందుకు పోవద్దు.

మాటల విషయంలో కొంచెం కఠినంగానే చెబుతాను. ఊర్వస్థి, అంతర్జంఘిక, కశేరుక పరీక్ష పేపర్లలో ఉండనీ. మనకు తొడ ఎముక ఉంది, ముంగాలి ఎముక ఉంది, వెన్నుపూస ఉంది. కలుపు తీసి సాయంత్రానికి నడుము పట్టుకున్న మనిషి "కటి కశేరుకలు" అంటే తన నడుము పూసలేనని పోల్చుకోలేదు. మజ్జ గురించి రాసేటప్పుడు నల్లి ఎముకతో మొదలుపెట్టు. మనం జుర్రుకునేది చాలావరకు కొవ్వే. రక్తం పుట్టించే ఎర్ర మజ్జ పెద్దవాళ్ళలో రొమ్ము ఎముకలో, పక్కటెముకల్లో, వెన్నుపూసల్లో, కటి ఎముకల్లో ఉంటుంది. అక్కడ సెకనుకు ఇరవై లక్షలకు పైగా ఎర్ర కణాలు తయారవుతాయి.

నా తప్పు ఒకటి చెప్పాలి. తొలిరోజుల్లో ఒక వ్యాసంలో "మనిషి 206 ఎముకలతో పుడతాడు" అని రాశాను. దాన్ని ఒక పల్లెలో చదివి వినిపిస్తే, ఎన్నో కాన్పులు చేసిన మంత్రసాని ఒకామె, "తల అంతా ఒకటే గట్టిగా ఉంటే బిడ్డ ఎట్ల బయటికొస్తాది సారూ?" అనింది. నా దగ్గర జవాబు లేదు. పుట్టేటప్పుడు బిడ్డలో దాదాపు 300 ముక్కలుంటాయి, ఎన్నో తరవాత కలిసిపోతాయి. కాన్పులో పుర్రె పలకలు ఒకదాని మీదికొకటి జరుగుతాయి. అవ్వలు ఆముదం అద్దే ఆ మాడు, పలకల మధ్య ఖాళీయే. ఏడాదిన్నర ప్రాంతంలో అది పూడుతుంది. ఆమెకున్న తెలివి నాకు అప్పుడు లేదు, ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. నువ్వూ మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుణ్ణి, ఎముకలు 300 అన్నాడని, ఒక్క వాక్యంలో కొట్టిపారేశావు. ఆయన పళ్ళనూ మృదులాస్థులనూ కలిపి లెక్కపెట్టాడు. ఆ వాక్యం తీసెయ్యి.

ఇంకొకటి నన్ను బాధపెట్టింది. అనంతపురంలో కూర్చుని రాసిన ఇరవై రెండు పేజీల్లో ఫ్లోరైడ్ మాటే లేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. దాన్ని బాగా దాటిన బోరునీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకలో చేరిపోతుంది. ఎక్స్‌రేలో ఎముక చిక్కగా తెల్లగా కనిపిస్తుంది, కానీ లోపల పెళుసు. వెన్నుపూసలను కలిపి పట్టి ఉంచే నారలాంటి పట్టీలు కూడా గట్టిపడి మెడ తిరగదు, నడుము వంగదు. మీ పల్లెల్లో అట్లాంటివాళ్ళ పక్కన కూర్చుని, పొద్దున మంచం మీది నుంచి ఎట్లా లేస్తారో అడిగి రాయి.

చివరగా చెయ్యి. దానమిచ్చేవాణ్ణి చేతికి ఎముక లేదంటాం. ఒక్కో చేతిలో 27 ఉన్నాయి. నీ అధ్యాయాన్ని ఇక్కడే మొదలుపెట్టమని నా కోరిక. ఎడమ చేత్తో కుడి ముంజేతిని పట్టుకుని కుడి పిడికిలి బిగించు. ముంజేతిలో కండ కదలడం తెలుస్తుంది. వేళ్ళలో కండ లేదు, వాటిని మడిచే పెద్ద కండలు అక్కడున్నాయి, వాటి తాళ్ళలాంటి కొసలు మణికట్టు దాటి వచ్చి ఎముకలను లాగుతాయి. ఇప్పుడు బొటనవేలిని పైకి చాపు. దాని మొదట్లో, మణికట్టు పక్కన ఒక గుంట పడుతుంది. ఆ గుంట అడుగున పడవలాంటి చిన్న ఎముక ఉంది. చెయ్యి ఆనించి పడినవాళ్ళకు మణికట్టు చిన్న ఎముకల్లో తరచూ విరిగేది అదే. దానికి రక్తం ఎదురుదారిలో, వేళ్ళవైపు కొస నుంచి వస్తుంది, అందుకని అతకడానికి చాలాకాలం పడుతుంది.

ఈ ఒక్క అధ్యాయం పది పేజీలు దాటకుండా రాసి పంపు. కోడికాలి ఎముక ఎన్నోరోజున వంగిందో కూడా రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు