టీకా అందని పిల్లల్ని మ్యాప్‌లో ఎలా పట్టుకుంటారు?

బెంగళూరులో వలస కూలీల పిల్లలకి టీకాలేయడానికి డిజిటల్ మ్యాప్ ఎందుకు అని అడిగారు కదా. వర్తూరు, సర్జాపుర వైపు అపార్ట్‌మెంట్లు కట్టే చోట మన పాలమూరు, అనంతపురం వాళ్ల రేకుల షెడ్లు చూసే ఉంటారు, ఆర్నెల్లకి సైటు మారిపోతుంది, షెడ్లూ మారిపోతాయి, కానీ హెల్త్ సెంటర్లో లిస్టు మాత్రం పాతదే ఉంటుంది. అందుకే ముందు కొత్త శాటిలైట్ ఫొటోలో రేకుల కప్పులు, నీలం టార్పాలిన్లు కనిపించే చోటల్లా గుర్తు పెట్టి, దాని మీద నర్సులు వెళ్లే రూట్లు వేసి చూస్తారు, ఏ రూట్లోనూ పడని గుంపు ఏదైనా ఉంటే అక్కడే పిల్లలు మిస్సవుతున్నట్టు లెక్క. నైజీరియాలో పోలియో టీమ్‌లు ఇలాగే చేత్తో గీసిన మ్యాపుల్లో లేని ఊళ్లని బయటపెట్టాయి, 2020లో ఆఫ్రికా నుంచి వైల్డ్ పోలియో, అంటే సహజంగా వ్యాపించే పోలియో వైరస్, పోయిందని ప్రకటించారు, అందులో ఈ పనికీ వాటా ఉంది.

అయితే మ్యాప్ చుక్క చూపిస్తుంది గానీ షెడ్లో ఎవరున్నారో చెప్పదు. ఆశా అక్క వెళ్లి, మేస్త్రిని కనుక్కుని, ఒక్కో తల్లినీ "కార్డుందామ్మా?" అని తెలుగులో అడగాల్సిందే. పెంటావాలెంట్, అంటే ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా, బిడ్డకి 6, 10, 14 వారాలకి వేయాలి, మొదటి డోసే పడని బిడ్డని జీరో డోస్ అంటారు, వాళ్లని ముందు వెతకాలి. టైమింగ్ కూడా మ్యాప్‌లో రాసుకోవాలి, పగలు పదకొండింటికి క్యాంపు పెడితే తల్లులు పనిలో ఉంటారు, పొద్దున్నే ఏడింటికో ఆదివారమో పెట్టండి, వస్తారు.