కొత్త మొక్కల తొట్టెలో దుర్వాసన: నీ ఉత్తరానికి జవాబు

చిరంజీవికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మొక్కలు నాటిన ఆక్వేరియం పెట్టి 12 రోజులే అయిందనీ, అందులో చేపలు నాలుగే ఉన్నాయనీ, అయినా మూత ఎత్తగానే కంపు కొడుతున్నదనీ, మొత్తం ఖాళీ చేసి మళ్ళీ మొదటి నుంచి పెట్టాలనిపిస్తున్నదనీ రాశావు. ఆ పని మాత్రం చేయకు. ఇప్పుడిప్పుడే ఫిల్టరు స్పాంజికీ, అడుగు మట్టికీ, ఆకులకూ పట్టుకుంటున్న మేలు చేసే బాక్టీరియా ఆ కడుగుడుతో పోతుంది. రెండు వారాలు తిరగకముందే ఇదే ఉత్తరం నాకు మళ్ళీ రాయవలసి వస్తుంది.

ఏ రకం వాసన అనేది నీవు రాయలేదు, కంపు అని మాత్రమే అన్నావు. అన్నిటికన్నా ముందు అది తేల్చుకోవాలి. ఉదయం దీపం వేయకముందు, బయట కాసేపు తిరిగి వచ్చి, శుభ్రమైన గాజు గ్లాసుతో తొట్టె మధ్య నీళ్ళు తీసుకుని పక్క గదిలో వాసన చూడు. తరువాత ఫిల్టరు, కొయ్య దుంగ, మూత లోపలి వైపు, వీటిని విడివిడిగా చూడు. ఉదయమే ఎందుకంటే, రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయే తప్ప విడుదల చేయవు కనుక తెల్లవారేసరికి నీటిలో అది బాగా తగ్గి ఉంటుంది, లోపం ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది. బయట తిరిగి రమ్మన్నది ముక్కు కోసం. ఒకే వాసన దగ్గర చాలాసేపు ఉన్న ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

వాన పడ్డ నేల వాసన వస్తే నిశ్చింతగా ఉండు. అది జియోస్మిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, నేలలోనూ నీటిలోనూ ఉండే కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి, ఆరోగ్యంగా ఉన్న మొక్కల తొట్టె వాసన అలాగే ఉండాలి. వెనిగర్ లాంటి పుల్లని ఘాటు ఉంటే గాజు పలకలను అతికించిన సిలికాన్ సరిగా ఆరలేదేమో అని అనుమానించు. నల్లా నీటిలోని క్లోరిన్‌ను పోగొట్టడానికి వేసే మందులలో కొన్నిటికి స్వతహాగా గంధకం వాసన ఉంటుంది. నీళ్ళు మార్చిన అరగంటకే కంపు వచ్చి, సాయంత్రానికి పోతున్నట్లయితే ఒకసారి ఆ సీసా మూత తీసి చూడు.

నీచు వాసన, కుళ్ళిన ఆకుకూర వాసన వస్తే మాత్రం ఎక్కడో ఏదో కుళ్ళుతున్నదని అర్థం. 12 రోజుల తొట్టె విషయంలో నా మొదటి అనుమానం దీని మీదే. మొక్కలు అమ్మేవారు చాలా రకాలను నీటి పైన, తేమ గాలిలో పెంచుతారు. వాటిని నీటిలో ముంచగానే పాత ఆకులు నిలవలేక జిగురు జిగురుగా కరిగిపోతాయి, వాటి స్థానంలో నీటికి తగిన కొత్త ఆకులు వస్తాయి. క్రిప్టోకొరైన్ రకాలు ఈ పనిలో పేరుమోసినవి. మొక్క చచ్చిపోయిందనుకుని పీకేయకు, వేరు గట్టిగా ఉంటే అది బతికే ఉంది. కరుగుతున్న ఆకులను మాత్రం మొదలు దగ్గర కత్తిరించి రోజూ బయటకు తీసేయి. అనూబియాస్, జావా ఫెర్న్ నాటావా? వాటి లావుపాటి అడ్డకాండాన్ని మట్టిలో పూడ్చితే అది కుళ్ళి భరించలేని కంపు కొడుతుంది. వాటిని రాయికో కొయ్యకో దారంతో కట్టాలి, వేళ్ళు మాత్రమే కిందికి దిగాలి.

నత్తలను కూడా లెక్కపెట్టుకో. నేను ఒకప్పుడు మూడు రోజుల పాటు తొట్టెలో ఉన్న ప్రతి మొక్కనూ అనుమానించి, నీళ్ళు మార్చి మార్చి అలసిపోయి, చివరకు కొయ్య దుంగ వెనుక ఒకే ఒక్క చచ్చిన పెద్ద నత్తను పట్టుకున్నాను. అంత చిన్న ప్రాణి అంత కంపు కొట్టగలదని అంతకు ముందు ఎవరైనా చెప్పినా నమ్మేవాడిని కాదు.

మేత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగు చేపలకు రోజుకు ఒకసారి, రెండు నిమిషాలలో అవి తినేసేంత మాత్రమే వేయి. వారానికి ఒక రోజు ఏమీ వేయకపోయినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఏమీ కాదు. పిల్లలు ముచ్చటపడి వేసే పిడికెడు మేత రాళ్ళ సందుల్లో చేరి బూజు పట్టి కుళ్ళుతుంది.

ఇక కుళ్ళిన కోడిగుడ్డు వాసన. దీన్ని కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అడుగున తోట మట్టి వేసి పైన సన్నని ఇసుక పరిచానని నీవు రాశావు. ఆ మట్టిలో పశువుల ఎరువు గానీ, పూర్తిగా మాగని కంపోస్టు గానీ ఉంటే అది నీటి కింద కుళ్ళుతూ ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఇసుక సన్ననిదై, మందంగా పేరుకుని ఉంటే పైనుంచి కొత్త ఆక్సిజన్ దిగదు. అలాంటి చోట ఆక్సిజన్‌కు బదులు సల్ఫేట్‌ను వాడుకుని బతికే బాక్టీరియా చేరి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును విడుదల చేస్తుంది. గాజు పక్క నుంచి చూస్తే మట్టిలో నల్లని మచ్చలు కనిపిస్తాయి. ఆ వాయువు ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్‌గా మారినందువల్ల వచ్చే నలుపు అది. ఈ వాయువు చేపలకు చాలా కొద్ది మోతాదులోనే విషం. అయితే ఆక్సిజన్ నిండుగా ఉన్న నీటిలోకి రాగానే అది త్వరగా విరిగిపోతుంది కనుక, నిదానంగా లీకయ్యే కొద్దిపాటి వాయువుకు భయపడవలసిన పనిలేదు. భయపడవలసింది మన తొందరపాటుకే. మట్టినంతా ఒక్కసారిగా కలియబెడితే లోపల పేరుకున్నదంతా ఒకేసారి పైకి వస్తుంది. నేను కోపంతో ఒకసారి ఆ పని చేసి, గంటలోపే చేపలు పైకి తేలి నోళ్ళు తెరవడం చూశాను. అందులో సగం దక్కలేదు.

కాబట్టి రోజుకు తొట్టె అడుగులో ఆరో వంతు చొప్పున, సన్నని పుల్లతో ఇసుక పొరను మాత్రమే గుచ్చి వదులు చేయి. తోట మట్టి దాకా పోనీయకు, పోతే నీరంతా బురద అవుతుంది. గుచ్చేటప్పుడు ఎయిర్ పంపు నడుస్తూ ఉండాలి, వెంటనే పావు వంతు నీళ్ళు మార్చాలి. బుడగలు రావడం చూసి కంగారుపడకు, వాసన లేని బుడగలు చాలావరకు హాని చేయనివే. మట్టి మందం రెండున్నర సెంటీమీటర్లు, దాని మీద ఇసుక మరో రెండున్నర, అంతకు మించి వేసి ఉంటే ఎక్కువైన ఇసుకను సైఫన్ గొట్టంతో కొద్దికొద్దిగా తీసేయి. దీనికి అసలైన మందు వేళ్ళు. మొక్కలు వేళ్ళ కొసల నుంచి తమ చుట్టూ ఉన్న మట్టిలోకి ఆక్సిజన్‌ను వదులుతాయి, అందుకే దట్టంగా నాటిన చోట ఈ బాధ తగ్గుతుంది. ఖాళీగా ఉన్న మూలల్లో త్వరగా పెరిగే వాలిస్నేరియా లాంటి మొక్కలు నాలుగు ఎక్కువగానే నాటు.

అమ్మోనియా ప్రసక్తి లేకుండా ఈ ఉత్తరం పూర్తి కాదు. చేపలకు ప్రమాదం తెచ్చే స్థాయిలో ఉన్నా అది మన ముక్కుకు తెలియదు, టెస్ట్ కిట్‌తోనే తెలుస్తుంది. కుళ్ళే పదార్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది, బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది, ఈ ఏర్పాటు కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాలను తెలిపే కొలత, ఎక్కువగా ఉన్న నీటిలో అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనిపించినంత కాలం రెండు రోజులకు ఒకసారి మూడో వంతు నీళ్ళు, క్లోరిన్ పోగొట్టి, అదే వేడిమికి తెచ్చి మార్చు. కొత్త చేపలను ఈలోగా తేవద్దు.

ఆకుల మీద నీలి ఆకుపచ్చ జిగురు పొర పరుచుకుని, గోటితో లాగితే పొరలుగా ఊడి, బురద గుంట వాసన వస్తుంటే అది నాచు కాదు, సయనోబాక్టీరియా. చేతనైనంత గొట్టంతో పీల్చేసి, నీటి కదలిక పెంచి, మూడు రోజులు తొట్టెకు గుడ్డ కప్పి చీకటి చేయి. ఆ మూడు రోజులూ ఎయిర్ పంపు ఆగకూడదు. కొయ్య దుంగ మీద తెల్లని మెత్తటి పొర కనిపిస్తే అది వేరే సంగతి, బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది.

ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగవద్దు. తొట్టెలోంచి తీసిన నీటి బకెట్టులోనే పిండు. కరెంటు చాలా గంటలు పోయి వస్తే, మూసి ఉన్న డబ్బా ఫిల్టరును అలాగే నడిపించకు, లోపల గాలి లేక చెడిన నీరంతా ఒక్కసారిగా చేపల మీదికి వస్తుంది. ముందు విప్పి ఆ నీటిని పారబోయి. నీటి మీద నూనె పొరలా తేలేదాన్ని కాగితంతో అద్ది తీసి, ఫిల్టరు నీరు ఉపరితలాన్ని కదిలించేలా మూతిని కాస్త పైకి తిప్పు.

ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్, అంటే వాసనలను పట్టుకునే బొగ్గు, వేయవచ్చా అని అడిగావు. వేయవచ్చు, రెండు మూడు రోజుల్లో వాసన తగ్గుతుంది కూడా. అయితే నాకది అంతగా నచ్చదు, ఎందుకంటే వాసన పోయిందని మనం వెతకడం మానేస్తాం, దుంగ వెనుక నత్త అక్కడే ఉంటుంది. వెతికి తీసిన తరువాత, మిగిలిన వాసన కోసం వేయి. గదిలో సువాసన స్ప్రేలు మాత్రం కొట్టనీయకు. ఎయిర్ పంపు ఆ గాలినే పీల్చి నీటిలోకి తోస్తుంది.

గ్లాసు నీళ్ళు ఏ వాసన వచ్చాయో, ఇసుక గుచ్చిన చోట నలుపు కనిపించిందో లేదో, అమ్మోనియా ఎంత చూపించిందో రాసి పంపు. తోట మట్టిలో ఎరువు కలిపి ఉందో లేదో కూడా తెలుసుకుని రాయి, దాన్ని బట్టి మట్టిని ఉంచాలో తీసేయాలో చెబుతాను.

ఇట్లు,
నీ పెదనాన్న