డిస్క్ 100% చూపిస్తున్న పాత ల్యాప్‌టాప్‌కి ఏం చేయాలి

4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ ఉన్న మీ ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం 100% చూపిస్తోందని, సీ డ్రైవ్ నిండిపోయిందని రాశారు కదండీ. ర్యామ్ చాలక విండోస్ పేజ్ ఫైల్‌ని, అంటే ర్యామ్‌లో పట్టనిది దాచుకునే ఫైల్‌ని, డిస్క్ మీదే చదువుతూ రాస్తూ ఉంటుంది, తిరిగే డిస్క్ ఆ వేగం అందుకోలేదు.

ముందు సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్ తెరిచి విండోస్ అప్‌డేట్ క్లీనప్‌కి టిక్ పెట్టండి. డౌన్‌లోడ్స్‌కి మాత్రం టిక్ లేకుండా చూసుకోండి, మీ ఫైళ్లు పోతాయి.

అసలు మందు ఎస్ఎస్‌డీనే, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్. పాత హార్డ్ డిస్క్ చోటనే కూర్చునే 2.5 అంగుళాల సాటా రకం, 256 జీబీ చాలు. ర్యామ్ కొనేముందు పాత ర్యామ్ మీది స్టిక్కర్‌లో దాని రకం చూడండి, డీడీఆర్3 రకం స్లాట్‌లో డీడీఆర్4 రకం కూర్చోదు.

ఇవి మార్చడానికి ల్యాప్‌టాప్ విప్పినప్పుడే ఫ్యాన్ దుమ్ము దులిపించండి. బెజవాడ ఎండలకి గాలాడకపోతే ప్రాసెసర్ వేడెక్కి తనే వేగం తగ్గించుకుంటుంది.