సోవియట్ కాలపు ఫొటోల్లో ఒకే తలుపు పక్కన అన్ని కాలింగ్ బెల్లులు ఎందుకు?

లెనిన్‌గ్రాడ్, మాస్కో నగరాల పాత ఫొటోల్లో ఒకే ఫ్లాటు తలుపు పక్కన నాలుగైదు బెల్లులు కనిపించడానికి కారణం, ఆ ఒక్క ఫ్లాటులో అన్ని కుటుంబాలు కాపురం ఉండటమే. 1917 విప్లవం తరువాత సంపన్నుల విశాలమైన ఇళ్లను ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, సాధారణంగా గదికొక కుటుంబం చొప్పున కేటాయించింది. వంటగది, స్నానాలగది, మరుగుదొడ్డి అందరికీ ఉమ్మడి. ఇలాంటి ఫ్లాటును కొమ్మునాల్కా అనేవారు. వంటగది ఫొటో దొరికితే పైకప్పు వైపు చూడండి: చాలాచోట్ల పక్కపక్కనే వేలాడే బల్బులు, ఎవరి మీటరుకు వారి బల్బు, కింద ఎవరి బల్ల వారిది. బెల్లు ఒక్కటే ఉన్న చోట, ఎవరి కోసం ఎన్నిసార్లు మోగించాలో తలుపు మీద రాసి పెట్టేవారు.

1957 నాటి గృహనిర్మాణ తీర్మానం తరువాత కాంక్రీటు పలకల ఐదంతస్తుల భవనాలు వేగంగా లేచాయి. వాటిలోని ఫ్లాట్లు ఇరుకైనవే అయినా, సొంత వంటగది దక్కడం ఆ కుటుంబాలకు నిజంగా పెద్ద ఊరట. పత్రికలు ఈ కొత్త ఇళ్లనే ఇష్టంగా చూపాయి కాబట్టి, లెనిన్‌గ్రాడ్‌లో సోవియట్ యుగం ముగిసేదాకా సాగిన ఉమ్మడి కాపురాలను తెలుసుకోవడానికి స్మేనా, ఫెద్ వంటి దేశీయ కెమెరాలతో ఇంటివాళ్లు తీసుకున్న ఫొటోలే మెరుగైన ఆధారమని నా అభిప్రాయం.