బాగున్న రోజున కూడా ఆయాసం పంపు మానకు

ఒంగోలు

చి.ల.సౌ. స్వర్ణకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే సగం మాటలు అర్థం కాలేదు, దానికి తోడు వెనకాల కుక్కర్ కూతలు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివించు. మీ అత్తగారికి మాత్రం నువ్వే చదివి వినిపించు. ఆవిడకి కోపం వచ్చే చోట్లు రెండున్నాయి, ఆ మాటలు నావేనని చెప్పెయ్.

"ఊళ్లోనే ఉండి ఉంటే పాపకి ఈ ఆయాసం వచ్చేది కాదేమో పెద్దమ్మా" అన్నావు. పిల్లల వార్డులో ముప్పై ఏళ్లు డ్యూటీ చేశాను కదా, ఆ మాట ఎంతమంది తల్లుల నోట విన్నానో లెక్కలేదు. అందులో కొంత నిజం ఉంది. అమెరికాలో ఆమిష్ అని, హటరైట్ అని రెండు రకాల సేద్యగాళ్లున్నారు. ఇద్దరూ యూరప్ నుంచి వలస వెళ్లినవాళ్లే. తిండీ బతుకూ కూడా చాలావరకు ఒకేలా ఉంటాయి. కానీ ఆమిష్ వాళ్లు గుర్రాలతో దున్నుతారు, కొట్టం ఇంటి పక్కనే ఉంటుంది. హటరైట్లది యంత్రాల సేద్యం, వాళ్ల పశువులు ఇళ్లకి దూరంగా ఉంటాయి. 2016లో వాళ్ల పిల్లల్ని పోల్చి చూస్తే ఆస్తమా ఆమిష్ పిల్లల్లో నూటికి 5 మందికి, హటరైట్ పిల్లల్లో 21 మందికి ఉన్నట్టు తేలింది. కొట్టం దుమ్ములోని సూక్ష్మజీవులు చంటిబిడ్డ ఒంటికి ఏదో మేలు చేస్తున్నాయన్నమాట.

మరి మన చిట్టి సంగతి చూడు. అది పుట్టింది ఊళ్లోనే. దాని ఉయ్యాలకి పది అడుగుల దూరంలో రెండు గేదెలుండేవి. మూడేళ్లు వచ్చేదాకా ఆ పేడ వాసనలోనే పెరిగింది. అయినా వచ్చింది. దాని తాతకి ఉబ్బసం, మీ ఆయనకి చిన్నప్పుడు మోచేతి మడతల్లో ఎగ్జిమా, అదే ఎలర్జీ దురద, పోయి వచ్చి పోయి వచ్చేది. ఒంట్లో ఆ గుణం ముందే ఉంది, సిటీ పొగా ఇరుకు గదీ దాన్ని బయటికి లాగాయి. ఇందులో నువ్వు చేసిన తప్పేముంది?

ఇప్పుడు తిరిగి ఊరికి పంపేస్తే తగ్గుతుందనుకోకు. పోయిన సంక్రాంతికి ఏమైందో మర్చిపోయావా? బస్సు దిగేటప్పుడు పిల్ల బాగానే ఉంది. రాత్రికి అమ్మమ్మ ముద్దుగా అటక మీది బూరుగుదూది పరుపు దించి, దులిపి, దాని మీద పడుకోబెట్టింది. పక్కింట్లో వరిగడ్డి వామి వేస్తున్నారు, పొయ్యి కింద కట్టెలు. తెల్లారేసరికి పిల్ల డొక్కలెగరేస్తోంది. ఊరి గాలి మంచిదే కానీ ఆ పరుపు మంచిది కాదు. ఏడాది పొడవునా అటక మీదున్న పరుపులో కంటికి కనిపించని దుమ్ము పురుగులు లక్షల్లో ఉంటాయి.

ఇక అసలు విషయానికొస్తాను. పాపకి రెండు పంపులు, అదే ఇన్‌హేలర్లు, రాశారు కదా. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు వాడేది, సాల్బుటమాల్. రెండోది రోజూ వాడేది, బుడెసొనైడ్. మొదటిది బిగుసుకున్న ఊపిరి గొట్టాల్ని అప్పటికప్పుడు వదులు చేస్తుంది. రెండోది లోపలి వాపుని మెల్లగా తగ్గిస్తుంది, దాని ఫలితం కనబడటానికి వారాలు పడుతుంది. అందరూ మొదటిదాన్ని దేవుడిలా చూసుకుని రెండోదాన్ని మూలన పడేస్తారు. నువ్వూ అదే చేశావు. పదిహేను రోజులు దగ్గు లేకపోయేసరికి ఆపేశావు.

నిన్ను తిట్టే అర్హత నాకు లేదులే. మా రెండోదానికి ఏడేళ్లప్పుడు తెల్లవారుజామున మూడింటికి దగ్గు మొదలయ్యేది. పిల్లికూతలు లేవు కాబట్టి ఆయాసం కాదనుకున్నాను. నర్సునై ఉండి ఏడాదిపాటు దగ్గు సిరప్పులు పట్టాను. నెమ్ము చేసిందని మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సు కూడా అయింది. రాత్రి పూట, నవ్వినా, పరిగెత్తినా వచ్చే దగ్గు కూడా ఆస్తమా కావచ్చని నాకు తట్టనేలేదు. చివరికి పంపు మొదలుపెట్టాం, బాగైంది. రెండు నెలలకి, అలవాటైపోతుందేమోనని మా అత్తగారు అంటే మానేశాను. ఆ కార్తీకంలో తుపాను రాత్రి, కరెంటు లేదు, ఆటోలో పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి పోయాను. పెదాలు నీలంగా ఉన్నాయా లేదా అని టార్చిలైటు వేసి చూసుకుంటూ పోయాను.

పంపు అలవాటు పడదు. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరు చెబుతారు, అదీ నెలల తరబడి బాగున్నాక, మెట్టు మెట్టుగా. రోజూ వాడే బుడెసొనైడ్ స్టెరాయిడ్ కదా అని భయపడుతున్నావు. ఎత్తులో ఓ సెంటీమీటరు తేడా రావచ్చని డాక్టర్లే దాచకుండా చెబుతారు. కానీ రాత్రంతా నిద్రలేక ఆయాసపడే పిల్ల ఏం ఎదుగుతుంది చెప్పు?

సిరప్ అయితే మంచిదని మీ అత్తగారు అంటున్నారట. ఈ లెక్క ఆవిడకి చెప్పు. సాల్బుటమాల్ సిరప్ 5 మి.లీ.లో 2 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పంపు ఒక్క నొక్కుకి వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే ఆ ఒక్క చెంచాలో 20 నొక్కుల మందుంది. అది కడుపులోకి పోయి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి అప్పుడు ఊపిరితిత్తులకి చేరాలి. అందుకే పిల్లకి చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడలాడుతోంది.

వీడియో కాల్లో నువ్వు పంపు కొట్టడం చూశాను. రెండు నొక్కులూ ఒకేసారి కొట్టేశావు. అలా కాదు. పంపు బాగా ఊపు. స్పేసర్‌కి, అదే పంపుకి తగిలించే గొట్టం డబ్బాకి, ఉన్న మాస్కుని ముక్కూ నోరూ కలిపి గాలి దూరకుండా ఆనించు. ఒక్క నొక్కు నొక్కి, నెమ్మదిగా ఐదారు ఊపిర్లు లెక్కపెట్టు. చిట్టి చేతే వేళ్ల మీద లెక్కపెట్టించు, దానికి ఆటలా ఉంటుంది. అరనిమిషం ఆగి, మళ్లీ ఊపి, రెండో నొక్కు. రోజూ వాడేది అయ్యాక నోరు పుక్కిలించాలి, మాస్కు ఆనిన చోట ముఖం కడగాలి. లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది. స్పేసర్ని సబ్బు నీళ్లలో ముంచి తీసి అలాగే ఆరబెట్టు. గుడ్డతో తుడిచావంటే మందంతా దాని గోడలకే అంటుకుంటుంది. ఇంకోటి, డబ్బా ఊపి చూస్తే మందు ఉందో లేదో తెలియదు. దాని మీద 120 అనో 200 అనో రాసి ఉంటుంది. రోజుకి నాలుగు నొక్కులైతే 120ది నెలకి సరి. మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద పెన్నుతో రాయి.

గోడ మీది క్యాలెండర్లో దగ్గిన రాత్రుల మీద చుక్క పెట్టు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం చింపి తీసుకెళ్లు. "ఎలా ఉంది" అంటే "పర్లేదండీ" అని వచ్చేసే మనిషివి నువ్వు.

ఇంటి విషయంలో మొత్తం ఇల్లు బాగు చేయాలని టెన్షన్ పడకు, అద్దె ఇల్లు. పిల్ల పడుకునే చోటు చూసుకో చాలు. మొదట ఆ దోమల చక్రం బయట పారెయ్. ఒక్క చక్రం కాలితే వచ్చే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని నుసితో సమానమని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. తలుపులేసిన గదిలో, ఆ మంచం కిందే పెడుతున్నావు! సాంబ్రాణి కూడా వద్దు. ఇది అత్తగారికి కోపం తెప్పించే మొదటి మాట. నా పిల్లలకి నేనూ వేశాను, అప్పుడు తెలియదు. దేవుడి దగ్గర దీపం చాలు, అగరుబత్తి వెలిగించాలనిపిస్తే వాకిట్లో తులసి దగ్గర పెట్టమను. మిరపకాయల తాలింపు వేసేటప్పుడు పిల్లని మేడ మీదికి పంపు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో వెయ్. చీపురుతో ఊడ్చేది అది బడికి వెళ్లాకే, లేకపోతే తడిగుడ్డ. ఆ వెనక గోడ చెమ్మ గురించి ఇంటి ఓనరుతో అల్లుణ్ణి గట్టిగా మాట్లాడమను. మంచం మాత్రం ఈ రోజే ఆ గోడకి దూరంగా జరుపు.

మీ సందు చివర ఖాళీ ప్లాట్లలో తెల్లపూలతో ఉన్నది వయ్యారిభామ. వానాకాలంలో దాని పుప్పొడికి తుమ్ములూ దద్దుర్లూ రెండూ వస్తాయి. పిల్లల్ని అందులో ఆడనివ్వకు.

తిండి మానిపించకు. అరటిపండు, పెరుగు, గుడ్డు అన్నీ ఆపేసి పిల్లని పుల్లలా చేశావు. ఏదైనా తిన్న ప్రతిసారీ దద్దురో వాంతో దగ్గో వస్తే దాన్ని ఒక్కదాన్నే ఆపి డాక్టరుకి చెప్పు. వేలు పోసి చేయించే ఎలర్జీ రక్తపరీక్షలు ఇప్పుడే వద్దు. అందులో పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన అవన్నీ పిల్ల ఒంటికి సరిపడవని కాదు. మృగశిర కార్తెకి నాంపల్లిలో చేపమందు వేయిస్తామని మీ అత్తగారు మొక్కుకున్నారట. రెండో మాట ఇదే. దాంతో ఆస్తమా తగ్గుతుందని రుజువు లేదు. బతికున్న కొర్రమీను పిల్లని ఆరేళ్ల పిల్ల గొంతులో వేయడం నాకు ఇష్టం లేదు. పెద్దవాళ్లు వేయించుకుంటే వాళ్ల ఇష్టం. ఎవరు ఏం మింగినా పంపు మాత్రం ఆగకూడదు.

ఇది ఫ్రిజ్ మీద అంటించు. డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా, ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా పడి ఉన్నా, సాల్బుటమాల్ కొట్టిన మూడు గంటల్లోపే మళ్లీ అవసరమైనా ఇంట్లో కూర్చోవద్దు. 108కి ఫోన్ చెయ్యి, అది వచ్చేదాకా పంపు కొడుతూ ఉండు. ఎన్ని నొక్కులో డాక్టరు చేత ముందే కాగితం మీద రాయించుకో. డబ్బుకి ఇబ్బందైతే నీలోఫర్‌కి వెళ్లు, పిల్లల పెద్దాసుపత్రి అది.

ఆడపిల్ల, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎలా అని పంపుని బీరువాలో చీరల కింద దాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఆయాసం వచ్చిన రాత్రి ఆ చీరలు తీస్తూ కూర్చుంటావా? బడి సంచీలో ఒకటి పెట్టు, టీచరుకి చూపించు. ఆటలు మానిపించకు. మా రెండోది కాలేజీలో కబడ్డీ ఆడింది, ఇద్దరు పిల్లల తల్లి ఇప్పుడు. దాని ఆయాసం సంగతి మా అల్లుడికి పెళ్లిచూపుల రోజే చెప్పాం.

శివరాత్రికి నేనే వస్తున్నాను, స్పేసర్ పట్టడం దగ్గరుండి చూపిస్తాను. ఈలోపు బస్సులో దోమతెర పంపుతాను. మంచం పొడవూ వెడల్పూ టేపుతో కొలిచి రేపు పొద్దున్నే ఫోన్ చెయ్.

పెద్దమ్మ