రాత్రి మోగే ఫోను ఎవరి వంతు?

ప్రశ్న: తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లుగా ప్రజాసంబంధాల అధికారిణిగా పనిచేస్తున్నాను. విలేకరులకు ప్రకటనలు పంపడం, సామాజిక మాధ్యమాల్లో వచ్చే ఫిర్యాదులకు జవాబివ్వడం నా విధులు. పగటి పని నాకు ఇష్టమే. కానీ వాట్సాప్ గ్రూపులకు అర్ధరాత్రి కూడా విరామం ఉండదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో కంటి మీద కునుకే ఉండదు. మొన్న మా అమ్మాయి హోంవర్కు చూపిస్తూ, "అమ్మా, ఫోను బోర్లా పెట్టి చూడవా?" అని అడిగింది. యోగా చేయమని, సమయపాలన నేర్చుకోమని అందరూ అంటున్నారు. లోపం నాలోనే ఉందంటారా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఫోను తీసేయమని అనలేదు, బోర్లా పెట్టమంది. అది మీ పక్కనుంచి కదలదని ఆ పసిదానికి అప్పటికే తెలుసు. మీ లేఖలో ఆ మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను.

లోపం మీలో ఉందని నేను అనుకోవడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను వ్యాధిగా కాక, చక్కదిద్దకుండా వదిలేసిన దీర్ఘకాలపు పని ఒత్తిడి ఫలితంగా నిర్వచించింది. సత్తువ హరించుకుపోవడం, పని మీద విముఖత కలగడం, ఎంత చేసినా సరిగా చేయలేకపోతున్నానన్న భావన దాని లక్షణాలు. పగటి పని ఇష్టమేనని మీరు రాశారు కనుక ఆ విముఖత ఇంకా రాలేదు; అది రాకముందే మేల్కొనాలి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35–40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని అదే సంస్థ అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి 2021లో వెల్లడించింది. రెండు వారాలపాటు, రాత్రి ఫోనులో గడిచిన నిమిషాలతో సహా, మీ గంటలను ఒక నోటు పుస్తకంలో రాయండి.

అలాగని ఫోను కట్టేయమని నేను చెప్పను. ఘాట్ రోడ్డులో ప్రమాదం జరిగి క్షతగాత్రులను మీ ఆసుపత్రికి తెస్తే, వదంతి తెల్లవారే దాకా ఆగదు. ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే. ఆ ఒకరు ప్రతి రాత్రీ మీరే కానక్కరలేదు. అలిపిరి తనిఖీ కేంద్రంలోనూ, మీ వార్డుల్లోని నర్సులకూ డ్యూటీలు వంతులవారీగానే ఉంటాయి గదా! మీ విభాగానికి ప్రత్యేకంగా ఒక ఫోను, సిమ్ కార్డు ఇమ్మని, రాత్రి వంతుల పట్టిక వేయమని యాజమాన్యాన్ని లిఖితపూర్వకంగా కోరండి. మీ నోటు పుస్తకంలోని లెక్కను దానికి జతచేయండి. మరణం, అగ్నిప్రమాదం, రోగి వివరాలు బయటికి పొక్కడం వంటివి మాత్రమే అత్యవసరమని, ఎవరో ఒక్క నక్షత్రం ఇచ్చి రాసిన ఫిర్యాదుకు ఉదయం జవాబిస్తే చాలని అర పేజీలో రాసి సంతకాలు తీసుకోండి. బ్రహ్మోత్సవాల తేదీలు ముందే తెలుస్తాయి కనుక ఆ తొమ్మిది రోజులకు, ముఖ్యంగా గరుడసేవ రాత్రికి, అదనపు మనిషిని ఇప్పుడే అడగవచ్చు.

పని వేళల తరువాత ఫోనుకు దూరంగా ఉండే హక్కు ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి చట్టబద్ధమైంది. మన లోక్‌సభలో 2018లో ప్రైవేటు సభ్యుల బిల్లుగా వచ్చినా అది చట్టం కాలేదు. అందుకే ఆ అర పేజీ కాగితానికి నేను ఇంత ప్రాధాన్యం ఇస్తున్నాను.

నిద్ర పట్టకపోవడం వారాల తరబడి సాగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

విలేకరులకు కొత్త నంబరు మీరే స్వయంగా చెప్పండి. మొదటి కొన్నాళ్లు అలవాటు కొద్దీ పాత నంబరుకే చేస్తారు. మీ వంతు కాని రాత్రి దాన్ని ఎత్తకండి. ఆఫీసు ఫోను ఎవరి చేతిలో ఉంటే వారు మాట్లాడతారు.