ఇంజను లేని పడవ ఎక్కండి

చిన్న పడవ మొదలుకొని స్కూనర్ అనే పెద్ద తెరచాప ఓడ దాకా, పడవ నడపడంలో ఏళ్ల తరబడి విసుగు పుట్టని ఆనందం ఏముంటుందని అడిగారు. ఇంజను లేని, తెరచాపతో నడిచే పడవలో తాడు మీ చేతికి వచ్చిన రోజున అది తెలుస్తుంది. స్పీడ్‌బోటులో ఒక చుట్టు తిరిగొచ్చి పడవ షికారు అయిపోయిందనుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

హుస్సేన్‌సాగర్ మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి ఉంటుంది. అక్కడి సెయిలింగ్ పోటీలు జూలై, ఆగస్టుల్లో జరిగేది అందుకే. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఆప్టిమిస్ట్ పడవ. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించిన ఈ పెట్టెలాంటి పడవను మించిన బడి ఇంతవరకూ రాలేదు. పెద్దవాళ్లకు లేజర్, ఇప్పుడు ఐఎల్‌సీఏ 7 అంటున్నారు. 4.2 మీటర్ల పడవ, నడిపేది ఒక్కరే, చాప 7.06 చదరపు మీటర్లు. అరవై కిలోల మనిషైతే 5.76 చదరపు మీటర్ల రేడియల్ చాప వేసుకోవాలి. పట్టుదలకు పోయి పెద్ద చాప కడితే గాలి ముదిరాక పడవ మాట వినదు.

ఒక చేతిలో టిల్లర్, అంటే చుక్కానిని తిప్పే కర్ర, రెండో చేతిలో షీట్, అంటే చాపను లాగే తాడు. టిల్లర్ కుడికి తోస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. ఇది గంటలో చేతికి అలవాటవుతుంది. షీట్ మాత్రం ఏళ్లు పట్టే విద్య. కొత్తవాళ్లంతా దాన్ని బిగించేస్తారు. పడవ ఒరుగుతుంది గానీ ముందుకు పోదు, ఎందుకంటే గాలి చాప వెంట సాఫీగా జారకుండా వెనకాల సుడి తిరుగుతుంది. చాప ముందంచు వణికేదాకా తాడు వదలండి, వణుకు ఆగేంత వరకే లాగండి. నిమిషానికోసారి ఇలా సరిచూసుకుంటూనే ఉండాలి. గాలికి ఎదురుగా తిన్నగా పోలేరు, సుమారు 45 డిగ్రీలు పక్కకు పెట్టి వంకర టింకరగా ముందుకు పోవాల్సిందే.

నీటి మీద నల్లటి మచ్చ ఒకటి మీవైపు పరుగెత్తుకొస్తుంటే అది గాలి విసురు. అది తగిలేలోపే పాదాలు పడవలోని పట్టీ కింద దూర్చి ఒళ్లు గాలి వచ్చే వైపు బయటికి వాల్చాలి, షీట్ కాస్త వదలాలి. ఆలస్యమైతే బోల్తా.

బోల్తా పడటం కూడా నేర్చుకోవాల్సిన పనే. చాప నీళ్ల మీద పరుచుకుంటుంది. పడవను వదిలి ఒడ్డుకు ఈదబోకండి. ముందు షీట్ ఎక్కడైనా ఇరుక్కుందేమో చూసి వదులు చేయండి. అది బిగుసుకునే ఉంటే పడవ లేచిన మరుక్షణం గాలి పట్టి మళ్లీ పడుతుంది. తర్వాత వెనక నుంచి చుట్టి వెళ్లి, అడుగున పొడుచుకొచ్చిన డాగర్‌బోర్డు అనే పలక ఎక్కాలి. పాదాలు పడవ అడుగుకు ఆనుకోవాలి. బోర్డు కొసన నిలబడితే విరుగుతుంది. అంచు పట్టుకుని వీపు వెనక్కి వాల్చి ఓపిక పట్టండి. చాప నీళ్లు కారుస్తూ మెల్లగా కదులుతుంది, కొస నీళ్లు వదిలిందంటే మిగతాది ఒక్క ఊపులో అయిపోతుంది. జాప్యం చేస్తే పడవ పూర్తిగా తలకిందులవుతుంది. లోతు తక్కువ చెరువైతే చాప కట్టిన నిలువు కొయ్య బురదలో దిగబడుతుంది. అప్పుడు మొండిగా లాగితే కొయ్య వంగుతుంది, రెస్క్యూ బోటును పిలవడమే దారి. డాగర్‌బోర్డుకు రబ్బరు తాడు కట్టకపోతే అది జారిపోతుంది, ఇక నిలబడటానికే ఆధారం ఉండదు.

లైఫ్ జాకెట్ సంగతి కూడా చెప్పాలి. ఫోటో కోసం బకిల్ తీసేయడం, వదులుగా భుజాన వేలాడదీయడం మన దగ్గర మామూలైపోయింది. నీళ్లలో పడగానే అలాంటి జాకెట్ తల మీదుగా ఊడి వస్తుంది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటకూడదు, అదే పరీక్ష. ఈ ఒక్కటి చూడకుండా పడవ ఎక్కనిచ్చేవాళ్ల మీద నాకు చాలా కోపం.

ఇక స్కూనర్. రెండు కొయ్యలుంటే ముందుది పొట్టి లేదా సమానం, చాపలు పడవ పొడుగునా ఉంటాయి. అడ్డచాపల ఓడల కన్నా తక్కువ మందితో నడుస్తుంది, గాలికి మరింత ఎదురుగా పోతుంది. అందుకే జాలర్లు దాన్ని ఇష్టపడ్డారు. 1921లో కెనడాలోని లూనెన్‌బర్గ్‌లో నీళ్లకు దించిన బ్లూనోజ్ అనే స్కూనర్ కాడ్ చేపలు పట్టే పడవే, పందేల్లోనూ గెలిచింది. సుమారు 49 మీటర్ల పొడవు, చాపలన్నీ కలిపి సుమారు వెయ్యి చదరపు మీటర్లు. అలాంటి ఓడలో పెద్ద చాప పై అంచును మోసే దూలాన్ని ఎత్తడానికి రెండు తాళ్లు, కొయ్య వైపు ఒకటి, బయటి కొసకు ఒకటి. రెండు జట్లూ సమంగా లాగాలి. కొస ముందుగా లేస్తే దూలం కొయ్యకు పట్టేసి కదలదు. పైకి చేరాక కొయ్య వైపు తాడు బిగించి, చాపలో ఏటవాలు ముడత కనిపించేదాకా కొసను ఎత్తుతారు. లేజర్‌లో ఒంటరిగా చేతికి తెలిసిన బిగువునే ఇక్కడ పది మంది కలిసి పట్టుకుంటారు. చిన్న పడవ నేర్చినవాళ్లకే ఆ ముడత కంటపడుతుంది.

2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో బయల్దేరి 2018 మేలో ప్రపంచం చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. మన పిల్లలకు ఇది చెప్పి నీళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

మొదటి రోజు వేళ్లు కోసిన గ్లవ్స్, తడిసినా జారని బూట్లు, టోపీకి ఒక తాడు సరిపోతాయి. నీళ్లలోకి తోసేముందు పడవ వెనకున్న డ్రెయిన్ ప్లగ్ బిగించారో లేదో వేలితో తడిమి చూడండి. అది మరిచిన పడవ మునగదు గానీ, లోపల నీరు చేరి గంటలో దున్నపోతులా బరువెక్కుతుంది.